హారన్ రేవులో కవర్ల బావ

మా ఊళ్ళో వాళ్ళు చీకటి పడ్డాక దొంగలకి భయపడరు, పాములకి భయపడరు. హారన్‌కి భయపడతారు.

ఊరి పక్కన వాగులో రాళ్ళు పరిచి, పైన సిమెంటు పోసి, బండ్లు దాటడానికి ఒక దారి వేశారు. దాన్నే రేవు అంటాం. ఎండాకాలంలో చెప్పులు తడవకుండా దాటొచ్చు. పైన ఎక్కడో వాన పడితే మాత్రం నీళ్ళు మోకాళ్ళ దాకా, ఒక్కోసారి నడుం దాకా వస్తాయి. నీళ్ళున్నా లేకపోయినా పొద్దు గుంకాక ఒక్క ట్రాక్టర్ తాత తప్ప అటు వెళ్ళే మనిషి లేడు. ఎందుకంటే... అది హారన్ రేవు.

కథ ఏమిటంటే — ఎప్పుడో నేను పుట్టకముందు ఒక లారీ డ్రైవరు రాత్రిపూట ఆ రేవు మధ్యలో ఇరుక్కుపోయాడు. నీళ్ళు పెరుగుతున్నాయి. పాపం ఈత రాదు. చేతికి అందినది హారన్ ఒక్కటే. గట్టిగా నొక్కాడు. ఆపి, ఎవరైనా పలుకుతారేమో అని విన్నాడు. మళ్ళీ నొక్కాడు... మళ్ళీ ఆపి విన్నాడు. రెండు ఒడ్లనా ఉన్న జనం అందరికీ వినపడింది. అందరూ లేచారు. లేచి, కిటికీలు మూసుకున్నారు. ఎందుకంటే అప్పటికే ఆ రేవులో దెయ్యం ఉందని పేరు! ఆ వేళప్పుడు అలా పిలిచేది దెయ్యం కాక ఇంకెవరు?

తెల్లారాక చూస్తే లారీ ఉంది. డ్రైవరు లేడు.

అదీ మావాళ్ళ తెలివి. లేని దెయ్యానికి భయపడి, ఉన్న మనిషిని దెయ్యం చేశారు. చేసి, ఇప్పుడు ఆ దెయ్యానికి భయపడుతున్నారు.

అప్పటినుంచీ కార్లు ఆ నీళ్ళలో దిగితే వైపర్లు వాటంతటవే ఊగుతాయట. అద్దాలు వాటంతటవే దిగుతాయట. తలుపులు 'టక్' మని బిగుసుకుంటాయట. ఇక హారన్ సంగతి సరేసరి. నేను గమనించినదేమిటంటే, మా దెయ్యం కొత్త కార్ల జోలికే పోతుంది. పాత జీపుల్ని పట్టించుకోదు. సైకిళ్ళ వైపు కన్నెత్తి కూడా చూడదు. ట్రాక్టర్ తాత ముప్పొద్దులా ఆ రేవు దాటుతూనే ఉంటాడు, ఆయన్ని ఒక్కసారీ పలకరించిన పాపాన పోలేదు. ఆ ట్రాక్టర్‌లో దెయ్యం ఆడించడానికి అద్దాలు లేవు, తలుపులు లేవు. పైగా తాత కుర్రతనమంతా రాళ్ళు పగలగొట్టే మిషను దగ్గర గడిపి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పక్కన పిడుగు పడితే 'ఎవరో దీపం వేశారు' అనుకునే రకం. అలాంటి వాడి దగ్గర హారన్ కొట్టి ఏ దెయ్యం గొంతు నొప్పి తెచ్చుకుంటుంది?

ఇక మా బావ.

మా అక్క మొగుడు కార్లకి స్టీరియోలు, లైట్లు బిగించే షాపు నడుపుతాడు. షాపు చుట్టుపక్కల ఆయన్ని అందరూ కవర్ల బావ అంటారు. కొన్న వస్తువుకి కవరు తీయడం ఆయన వంశంలోనే లేదు. టీవీ రిమోట్‌కి కవరు. ఫ్రిజ్ పిడికి కవరు. వాళ్ళింట్లో సోఫా కొని ఎన్నేళ్ళయినా కొత్తగానే ఉంది, ఎందుకంటే ఇంతవరకూ దాని మీద ఎవరూ కూర్చోలేదు. కవరు మీదే కూర్చున్నారు. ఎండాకాలంలో లేచేటప్పుడు సోఫా కూడా కొంతదూరం మనతో వస్తుంది.

అలాంటి బావ ఒక సెకండ్‌హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగుతాయి, కొండలెక్కుతుంది, వాగులు దాటుతుంది అని అమ్మినవాడు చెప్పాడట. దాంతో బావకి రేవు మీద కన్నుపడింది.

"దెయ్యమూ లేదు గాడిద గుడ్డూ లేదు," అన్నాడు నాతో. "కార్లలో కంప్యూటర్లు వచ్చాయి బామ్మర్దీ. అవి తడిస్తే పిచ్చి వేషాలేస్తాయి. తడవకుండా చుట్టేస్తే సరి!"

ఆ ముక్క నిజమే. నిజం చెప్పి కూడా మునగడం బావకే చేతనవును.

ఆ వారమంతా బండికి ముస్తాబు. ఇంజనుకి గాలి పైనుంచి అందేలా బానెట్ పక్కనుంచి టాపు దాకా ఒక ఊపిరి గొట్టం నిలబెట్టాడు. తీగలు కలిసే ప్రతి చోటా గ్రీజు మెత్తాడు. నీళ్ళలో దిగేటప్పుడు బండి ముందున్న జాలీకి కట్టడానికి టార్పాలిన్ ముక్క కుట్టించాడు. ఆ టార్పాలిన్‌కి అడ్డం వస్తున్నాయని జాలీ కింద ఉన్నవన్నీ విప్పి, ఒక్కోదాన్నీ కవర్లో చుట్టి, పురికొస కట్టి, ఇంట్లో అటక మీద పెట్టాడు. "తర్వాత పైన బిగిస్తాలే," అన్నాడు. అటక ఎక్కిన వస్తువు ఆ ఇంట్లో మళ్ళీ దిగిన దాఖలా లేదు.

చివరికి అసలైన డబ్బా దగ్గరికొచ్చాడు. పక్క సీట్లో కూర్చున్న వాళ్ళ కాళ్ళ దగ్గర, ప్లాస్టిక్ పలక వెనకాల ఉంటుంది. వైపర్లు, అద్దాలు, తాళాలు, లైట్లు — ఎవరు ఎప్పుడు ఏం చేయాలో చెప్పే పెత్తందారు అదే. అది సరేనంటేనే ఇంజను కూడా స్టార్టవుతుంది. దాన్ని బావ మందపాటి ప్లాస్టిక్ సంచిలో కూర్చోబెట్టి, మూతి పైకి తీసుకొచ్చి, తీగల చుట్టూ గట్టిగా ముడేసి, ఆ ముడి చూసి తనే మురిసిపోయాడు.

"ఇక దీని మీద చుక్క పడితే నా పేరు మార్చుకుంటా," అన్నాడు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. నేనక్కడ లేను. అక్క చెప్పింది చెప్తున్నాను. బావ కూడా చెప్పాడు గానీ, ఆయన చెప్పిన దాంట్లో ఆయనే వీరుడు, అందుకని పక్కన పెట్టాను.

అక్క వాగవతల ఉన్న చిన్న ఆస్పత్రిలో నర్సు. ఆ రోజు సెలవు. దీపాలు పెట్టే వేళకి డాక్టరమ్మ ఫోన్ చేసింది. కాన్పయిన ఒకామెకి రక్తం ఆగడం లేదు. బిడ్డ బాగానే ఉంది, తల్లే చల్లబడిపోతోంది. ఆమెకి సరిపడే రక్తం ఇవతల పెద్దాస్పత్రిలో ఉంది. ఉన్న ఒక్క అంబులెన్సూ ఇంకో పేషెంటుతో దూరం పోయింది. పెద్ద వంతెన చుట్టూ తిరిగి వస్తే అర్ధరాత్రి దాటుతుంది. అంతసేపు ఆమె ఆగదు.

"రేవు మీదుగా వెళ్తే పావుగంట," అంది అక్క ఫోన్ పెట్టేసి.

బావ కళ్ళు మెరిశాయి. ఎదురుగా రేవు, గుమ్మంలో ఫోర్ వీల్ డ్రైవ్, పక్కన భార్య. మనిషికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరుకుతుందా?

పెద్దాస్పత్రిలో రక్తం సంచులు ఐసు పెట్టెలో పెట్టి ఇచ్చారు. అక్క ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి ఆలోచించండి. దెయ్యం ఉందని పేరున్న రేవు... చీకటి... ఒళ్ళో పెట్టెడు రక్తం. దెయ్యానికి భోజనం ఇంటికి తీసుకెళ్ళి వడ్డించినట్టే.

ఒడ్డున బండి ఆగింది. నీళ్ళు నల్లగా, చప్పుడు చేయకుండా కదులుతున్నాయి.

"దిగి లోతు చూడండి," అంది అక్క.

"అవసరం లేదు." బావ టార్పాలిన్ కట్టివచ్చి, అద్దాలన్నీ ఎత్తేసుకున్నాడు.

"భయమా?"

"దెయ్యాలకి నేను భయపడనే! కాళ్ళు తడుస్తాయని."

బండి నీళ్ళలో దిగింది. మెల్లగా... మెల్లగా... నీళ్ళు చక్రాలు సగం మునిగే దాకా వచ్చాయి. ముందు నుంచి ఒక అల లేచి బానెట్ మీద పడి పోతోంది. బావ ఈల వేస్తున్నాడు. సగం దూరం వచ్చారు.

వైపర్లు ఊగాయి.

వాన లేదు. బావ చేయి స్విచ్ మీద లేదు. అద్దం మీద రబ్బరు కీచుమని... ఇటు... అటు...

"ఆటోమేటిక్," అన్నాడు బావ. ఈల మాత్రం ఆగిపోయింది.

తర్వాత సిగ్నల్ లైట్లు రెండు వైపులా ఒకేసారి వెలిగి ఆరడం మొదలుపెట్టాయి. నీళ్ళ మీద పసుపుపచ్చ వెలుగు... చీకటి... వెలుగు... చీకటి. అక్క పక్కనున్న అద్దం, ఎవరో లోపలికి తొంగిచూడాలనుకున్నట్టు, నెమ్మదిగా కిందికి దిగింది. చల్లటి గాలి లోపలికి కొట్టింది. అక్క పెట్టెని గుండెకి హత్తుకుంది.

టక్! నాలుగు తలుపులూ బిగుసుకున్నాయి.

ఇంజను ఒక్కసారి దగ్గి... ఆగిపోయింది.

"ఏవండీ..." అక్క గొంతు తగ్గించి పిలిచింది.

బావ తాళం తిప్పుతున్నాడు. తిప్పుతూనే ఉన్నాడు. బండి ఉలకదు పలకదు. నీళ్ళు తలుపుని మెత్తగా తడుతున్నాయి. లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు.

అప్పుడు మోగింది... హారన్.

పొడుగ్గా ఒకటి. ఆగింది. మళ్ళీ పొడుగ్గా ఒకటి. మళ్ళీ ఆగింది.

బావ రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. "నేను కాదే... నేను ముట్టుకోలేదు..."

"నాకు కనపడుతూనే ఉంది."

"షార్ట్... షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుంది."

అక్క చెవులు రిక్కించి విన్నది. తీగ కాలి మోగితే ఆగకుండా మోగాలి. ఇది అలా లేదు. మోగడం... ఆగడం... ఆగినంతసేపూ ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు నిశ్శబ్దం. ఆ హారన్ కన్నా ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయమేసిందిరా అని తర్వాత నాతో చెప్పింది అక్క.

అవతలి ఒడ్డున ఇళ్ళల్లో దీపాలు కనపడుతున్నాయి. ఆ హారన్ విని ఎవరో ఒకరు వస్తారనుకుంది. వచ్చారా? ఒక ఇంట్లో దీపం ఆరింది. పక్క ఇంట్లో ఆరింది. వరసగా ఒక్కోటీ ఆరిపోయాయి. కిటికీలు మూసుకుంటున్న చప్పుడు నీళ్ళ మీదుగా వినిపించింది. ఒకప్పుడు లారీ డ్రైవరుకి చేసిన మర్యాదే అక్షరం పొల్లుపోకుండా వీళ్ళకీ చేశారు.

అక్క ఆస్పత్రికి ఫోన్ చేసింది. వాచ్‌మన్ ఎత్తాడు.

"సిస్టర్! ఎక్కడున్నారు? రేవులో హారన్ మోగుతోంది, ఆ దారిన మాత్రం రాకండి!"

"ఆ బండిలో ఉన్నది మేమేనయ్యా! రేవు మధ్యలో ఇరుక్కుపోయాం. ఎవరికైనా తాడు ఇచ్చి పంపించు!"

అవతలి నుంచి గుసగుసగా వినపడింది.

"అది కూడా ఇలాగే చెప్తుందట సిస్టర్. తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట."

"ఒరేయ్! రక్తం తెస్తున్నాను!"

"రక్తమా?" అని ఒక్క కేక పెట్టి, ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

అక్క ఏడవలేదట. కోపం వచ్చిందట. అవతల ఒక తల్లి మంచం మీద తెల్లబడిపోతోంది. ఇవతల ఊరు ఊరంతా దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. మధ్యలో ఐసు కరిగిపోతోంది.

అప్పుడు ఆమె కాలికి ఏదో చల్లగా, మెత్తగా తగిలింది.

కెవ్వున కేక వేయబోయి, ఫోన్ లైటు కిందికి తిప్పింది. పలక ఊడి ముందుకొచ్చింది. దాని వెనకాల బావగారి ప్లాస్టిక్ సంచి... నిండుగా ఉబ్బి ఉంది. లోపల నీళ్ళు. నీళ్ళ మధ్యలో ఆ పెత్తందారు డబ్బా, సంచిలో వేసి అమ్మే చేపపిల్లలా తేలుతోంది.

"ఏవండీ, ఈ సంచి మూతి పైకి కట్టింది ఎవరు?"

"నేనే. ఏం? చుక్క దూరదు!"

"దూరదా? తీగ పైనుంచి కిందికి దిగుతోంది. బానెట్ మీద పడ్డ నీళ్ళు ఆ తీగని పట్టుకుని జారుకుంటూ వచ్చి, మీ ముడిలోంచి దూరి, సంచిలో కూర్చున్నాయి. లోపలికి దారి ఉంది, బయటికి లేదు. రోజూ సెలైన్ పెట్టే దాన్ని, గొట్టం వెంట నీళ్ళు ఎటు పోతాయో నాకు చెప్తారా?"

"అయితే ఇప్పుడు..."

అక్క బ్యాగులోంచి కత్తెర తీసింది.

"కోయకు!" బావ అడ్డుపడ్డాడు. బండి మునిగినా ఫరవాలేదు గానీ కవరు కోస్తే ప్రాణం పోయేలా ఉంది మనిషికి. "అది వాటర్‌ప్రూఫే!"

అక్క అడుగున ఒక్క కోత పెట్టింది. నీళ్ళు బుడబుడమని కారిపోయాయి. కొద్దిసేపటికి వైపర్లు ఆగాయి. లైట్ల ఆట ఆగింది. తలుపులు 'టక్' మని వదులయ్యాయి. ఇంజను మాత్రం లేవలేదు.

హారన్ కూడా ఆగలేదు.

"అన్నీ ఒకేసారి ఆరవు," అన్నాడు బావ నీరసంగా.

పొడుగ్గా ఒకటి... నిశ్శబ్దం... పొడుగ్గా ఒకటి...

అవతలి ఒడ్డు మీద ఒక వెలుగు కదిలింది. గుడగుడమంటూ నీళ్ళలోకి దిగింది. ట్రాక్టరు! తాత గొలుసు భుజాన వేసుకుని, ఇంజను ఆపకుండానే దిగివచ్చాడు. తాత చేయి బానెట్ మీద పడింది. హారన్ ఆగిపోయింది.

"వస్తున్నా కదమ్మాయ్! ఎందుకంత గోల?" అని కసిరి గొలుసు తగిలించాడు.

లాక్కెళ్ళి అవతలి ఒడ్డున పడేశాడు. అక్క పెట్టె పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె బట్టలు తడిసి, జుట్టు విరబోసుకుని, చేతిలో రక్తం పెట్టెతో రావడం చూసి, నిలుచున్న చోటే కూలబడ్డాడట. వాడికి తర్వాత గ్లూకోజు పెట్టాల్సి వచ్చింది.

ఆ తల్లి బతికింది. తెల్లారేసరికి బిడ్డని పక్కలో వేసుకుని పడుకుందట. అక్క అది చెప్తూంటే బావ మాత్రం తన ఊపిరి గొట్టం ఎంత బాగా పనిచేసిందో చెప్తున్నాడు.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. బండి ఆరింది, స్టార్టవుతోంది. డబ్బా సంచి ఇప్పుడు మూతి కిందికి తిరిగి ఉంది. తీగ కూడా ముందు కిందికి వంగి, తర్వాత పైకెక్కి డబ్బాలో దూరుతోంది. వంపు దగ్గరే చుక్క రాలిపోతుంది. అది అక్క చేసిన ఏర్పాటు. షాపుకొచ్చిన వాళ్ళకి బావ దాన్ని తన సొంత ఆలోచనగా చెప్పుకుంటున్నాడని వేరే చెప్పాలా?

"చూశావా బామ్మర్దీ? దెయ్యం లేదు, ఏమీ లేదు. తడిసిన డబ్బా!"

"మరి తాతకి హారన్ ఎలా వినపడింది బావా?"

ఆ ముక్క నేను తాతనే అడిగాను. ఆయనకి నా ప్రశ్న వినపడలేదు. మూడోసారి అరిచి అడిగితే 'భోంచేశాను' అన్నాడు.

"లైట్లు చూసి ఉంటాడు," అన్నాడు బావ. "హారన్ కూడా ఆ డబ్బా పనే. కావాలంటే ఇప్పుడే చూపిస్తా. ఊళ్ళో వాళ్ళని కూడా పిలువు, ఈ దెయ్యం గోల ఇవాళ్టితో వదిలిపోతుంది."

ఊళ్ళో వాళ్ళని పిలవలేదు గానీ నేను, అక్క నిలబడ్డాం. అక్క సంచి ఊడదీస్తే, బావ డబ్బా మీద చెంబుతో నీళ్ళు కుమ్మరించాడు. వైపర్లు ఊగాయి. అద్దం దిగింది. తాళాలు 'టక్' మన్నాయి. బావ మొహం వెలిగిపోయింది. "ఇక చూడు, హారన్!"

చూశాం. మోగలేదు.

ఇంకో చెంబు పోశాడు. మోగలేదు. విసుగొచ్చి స్టీరింగ్ మధ్యలో చేత్తో గట్టిగా నొక్కాడు. కిక్కురుమనలేదు. అరచేత్తో బాదాడు. ఊహూఁ.

దిగివచ్చి, ముందు జాలీ కింద వంగి చూశాడు. చూసినవాడు చాలాసేపు లేవలేదు. నేనూ వంగాను. హారన్ బిగించే చోట ఖాళీ ఇనప బద్ద, రెండు బోల్టు బెజ్జాలు. తీగ కొస టేపు చుట్టి పక్కకి మడిచి ఉంది.

అక్క లోపలికి వెళ్ళింది. అటక దగ్గరికి నిచ్చెన లాగుతున్న చప్పుడు వినిపించింది. ఒక పొట్లం తీసుకొచ్చి బానెట్ మీద పెట్టింది. ప్లాస్టిక్ కవరు. చుట్టూ పురికొస. బావ వేసిన ముడే. దాని మీద వారం రోజుల దుమ్ము.

మా బావ జీవితంలో మొదటిసారి ఒక వస్తువుకి కవరు తీశాడు.

లోపల హారన్ ఉంది. పొడిగా.

వైపర్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. అక్క ఆ హారన్‌ని చేతిలోకి తీసుకుంది.

"ఆ డ్రైవరు పిలిస్తే ఒక్కరూ వెళ్ళలేదు కదరా," అంది. "మనకోసం మాత్రం... ఎవరో ఒకరు వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నాడు."